పద్నాలుగో బ్లాకు, ఇరవై ఏడో నిర

రవిచంద్రన్ తన పథకాన్ని సోమవారం పొద్దున పళ్లు తోముకుంటూ ఖరారు చేసుకున్నాడు. శనివారం ఏడు గంటలకు బయలుదేరాలి. ఇద్దరు మనుషులు, రెండు మడత స్టూళ్లు, ఒక ఫ్లాస్కు టీ. హైవే ఎక్కకూడదు. మలేషియాలోని క్లాంగ్ నుంచి కాపార్ మీదుగా, పామాయిల్ తోటల మధ్య సన్నటి దారుల్లో నిదానంగా పోయి, పదింటికల్లా ఎర్రబడ్డ రబ్బరు చెట్ల కింద కూర్చోవాలి. ఎక్కడికి వెళ్తున్నదీ రత్నావతికి ముందే తెలియకూడదు. అక్కడికి చేరాక ఆమెతో ఏం మాట్లాడాలో అతనికింకా తేలలేదు. ఆకులు రాలుతుంటే మాటలు వాటంతటవే వస్తాయని ఒక నమ్మకం.

ఈ పథకమంతా ఒకే ఒక్క మాట మీద నిలబడి ఉంది. నాలుగు నెలల కిందట, రత్నావతి పనిచేసే స్కూలు ఆఫీసులో ఉషా అనే ఆవిడ భర్తతో కొరియా వెళ్లి, అక్కడి శరత్కాలపు ఫోటోలు పంపింది. ఎర్ర చెట్లు, పసుపు చెట్లు, దారి నిండా ఆకులు. రత్నావతి అన్నం తింటూ అవి చూసి, "ఎంత బాగుందో" అని, ఫోను బోర్లా పెట్టి, పెరుగు కలుపుకుంది. మరొకరైతే ఆ మాటను పెరుగన్నంతోపాటే మరిచిపోయేవారు. రవిచంద్రన్ అలా మరిచిపోగల మనిషి కాదు. పంటి సందున చిక్కిన పీచును నాలుక వదలనట్టు అతని మనసు ఒక మాటను పట్టుకుంటే నెలల తరబడి తడుముతూనే ఉంటుంది. బాగుందని ఎందుకంది? అన్నాక ఫోను బోర్లా ఎందుకు పెట్టింది? మామూలుగా పెట్టదే.

కూతురు తనూష ఉద్యోగానికి పినాంగ్ వెళ్లి రెండేళ్లయింది. అప్పటినుంచి ఇంట్లో మాటలు సన్నబడ్డాయి. గ్యాసు అయిపోయింది, గొడుగు తీసుకెళ్లండి, గేటు వేశారా. పోట్లాట లేదు, అలక లేదు. ఒకరినొకరు ఇబ్బంది పెట్టని ఇద్దరు మంచి అద్దెదారుల్లా ఉన్నారు. ఆ మర్యాదే రవిచంద్రన్‌ను భయపెడుతోంది.

విమానమెక్కితే రత్నావతికి చెవిపోటు వస్తుంది కాబట్టి కొరియా కుదరదు. మలేషియాలో శరత్కాలం లేదు; ఎండ, వాన, మళ్లీ ఎండ. రవిచంద్రన్ ఇరవై ఆరేళ్లుగా రబ్బరు గ్లవ్సుల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేస్తున్నాడు. గ్లవ్సులో లీటరు నీళ్లు పోసి వేలాడదీసి, రెండు నిమిషాలు కళ్లార్పకుండా చూసి, ఎక్కడ చుక్క కారుతుందో కనిపెట్టడం అతని పని. కిందటి వారం రబ్బరు పాలు తెచ్చే లారీ డ్రైవరు, "ఆకు రాలతంది సార్, ఇంక పాలు తగ్గిపోతాయి" అన్నాడు. ఆ క్షణంలో కొరియా, తను పుట్టిన తోట, బోర్లా పెట్టిన ఫోను మూడూ అతని బుర్రలో ఒక్కచోటికి వచ్చి నిలబడ్డాయి. నిజమే కదా! ఫిబ్రవరిలో రబ్బరు చెట్లు ఎర్రబడతాయి. రెండే రెండు వారాలు. తర్వాత రాలిపోతాయి, వెంటనే కొత్త ఆకు వేస్తాయి. ఆ రెండింటిలో ఒక వారం అప్పటికే అయిపోయింది.

అయితే ఇప్పుడు ఎటు చూసినా పామాయిలే. రబ్బరు ఎక్కడ మిగిలిందో తెలిసిన మనిషి బంధువుల్లో ఒక్కతే ఉంది, అతని తల్లికి చెల్లెలు దేవుడమ్మ. డెబ్బై ఎనిమిదేళ్లు. అతను పుట్టిన బుకిట్ సెలాసి తోటలోనే నలభై ఏళ్లు రబ్బరు గీసి, ఇప్పుడు కాపార్‌లో కొడుకింట్లో ఉంటోంది. ఫోను చేశాడు.

"పిన్నమ్మా, బుకిట్ సెలాసిలో రబ్బరు ఇంకా ఉన్నాదా?"

"ఉన్నాది నాయనా. మొత్తం కొట్టీనేదు. ఏటి, ఎందుకు?"

"ఆకు ఎక్కడ బాగా ఎర్రబడతాది?"

అవతల టీవీ ఆపిన చప్పుడయింది.

"ఆకుతో నీకేటి పని? కూరొండుకుంతావేటి?"

"సూడ్డానికి, పిన్నమ్మా."

"ఎవుల్ని?"

"ఆకునే."

దేవుడమ్మ ఎరిగిన లోకంలో రబ్బరు చెట్టును చూడ్డానికి వెళ్లిన మనిషి లేడు. దాని మొహం చూడకుండా బతకాలనే అందరూ పిల్లల్ని చదివించారు. పిల్లడు ఏదో దాస్తున్నాడని ఆవిడకు అర్థమైపోయింది. అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకని, "పద్నాలుగో బ్లాకు, ఇరవై ఏడో నిర. మీ యమ్మ గీసినాది అక్కడే. మునీశ్వరుడి రాయి దాటీసి ఎడం పక్కకెల్లు. ఆ మానులు కావులే, అవి కొట్టీసి మళ్లీ యేసినారు" అని చెప్పింది.

నిర అంటే ఒక మనిషి రోజూ గీసే చెట్ల వరస. రవిచంద్రన్ ఒక చీటీ మీద పైన 14 అని, పక్కన 27 అని, కింద 'రత్నకి చెప్పొద్దు' అని రాసుకున్నాడు. ఇంత చిన్న సంగతికి చీటీ అవసరం లేదు, కానీ రాసిపెట్టుకోనిదే అతనికి నిద్ర పట్టదు. ఇక దాన్ని ఎక్కడ దాచాలా అని ఒక సాయంత్రమంతా ఆలోచించాడు. చివరకు హాల్లో గోడకున్న క్యాలెండరులో, శనివారం కాగితం వెనక దూర్చాడు. రత్నావతి రోజుకొక కాగితమే చింపుతుంది. శనివారం దాకా ఆమె చెయ్యి అక్కడికి పోదు. తన తెలివికి తనకే ముచ్చటేసింది.

బుధవారం మణియం వచ్చాడు. మణియం రత్నావతికి తమ్ముడు, ఏసీలు బాగుచేసే పని. ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల క్యాలెండరు తిరగేసి మంచి గంటలు చూసుకోవడం అతని అలవాటు. శనివారం ఎవరికో కొత్త ఏసీ బిగించాలి. కాగితాలు ఎత్తి చూశాడు. చీటీ రాలిపడింది.

ఆ దేశంలో నాలుగు అంకెలు ఒకచోట కనిపిస్తే మనిషికి మనశ్శాంతి ఉండదు. వారానికి మూడు రోజులు నాలుగంకెల లాటరీ తీస్తారు. గుద్దుకున్న కారు నంబరు, కలలో వచ్చిన తాతగారి ఇంటి నంబరు, పామును కొట్టిన తేదీ, ఏదైనా సరే, జనం కొంటారు. అడవిలో ఫలానా చెట్టు నంబరు ఇస్తుందని తెలిసినవాడు పెళ్లాంతో కూడా చెప్పడు. మణియం చేతిలో ఉన్నది నాలుగంకెలు. దొరికింది లాటరీ తీసే శనివారం కాగితం కింద. పెళ్లాంతో చెప్పొద్దని కూడా రాసి ఉంది.

"బావా, ఇదేటి?"

రవిచంద్రన్ సోఫాలోంచి లేచి చీటీ లాక్కున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ల బాంధవ్యంలో బావ అంత చురుగ్గా కదలడం మణియం చూడలేదు.

"ఏం నేదు."

"అక్కకి సెప్పొద్దని రాసినారు. ఏం నేదంటే ఎలగ లా?" అన్నాడు మణియం, మలేషియా జనమంతా మాట చివర తగిలించే 'లా' తగిలించి.

"మెల్లగా మాట్లాడు. అదొక సోటు. సెట్లు సూడ్డానికి ఎల్తన్నాం."

"ఏ సెట్లు?"

"రబ్బరు సెట్లు."

మణియం బావ మొహంలోకి తదేకంగా చూశాడు. అబద్ధమాడే మనిషి ఇంతకన్నా మంచిది ఆడతాడు. ఇంత చచ్చు అబద్ధం ఆడాడంటే దాని కింద ఎంత పెద్ద నిజం ఉందో.

"అలగే బావా. సెట్లే. నా పిల్లల మీదొట్టు, నానెవులికీ సెప్పను" అన్నాడు. పోతూ పోతూ బావ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు.

మణియం నిజంగానే ఎవరికీ చెప్పలేదు. ముందు దేవుడమ్మకు ఫోను చేసి, అది రబ్బరు తోటేనని, దారిలో తోటకు కావలి దేవుడైన మునీశ్వరుడి రాయి ఉందని, ఎందుకో పిల్లడు చెప్పలేదని రాబట్టాడు. తర్వాత ఒక్క తంగరాజుకు చెప్పాడు. తంగరాజు ఊళ్లో భారతీయుల బజారైన లిటిల్ ఇండియాలో క్షవరాలు చేస్తాడు. అతని కొట్లో మూడు కుర్చీలు, చుట్టూ అద్దాలు. అక్కడ ఒక మనిషి కూర్చుంటే పదిమంది కనబడతారు. ఒక మాట పడినా అంతే.

గురువారం రవిచంద్రన్ ఫ్యాక్టరీకి వెళ్లేసరికి గేటు దగ్గర కాపలాదారు లేచి నిలబడి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. క్యాంటీనులో వడ్డించే ఆవిడ ప్లేటులో రెండో చేప వేసి, "తినండన్నా, బలం గావాల" అంది. ఎన్నడూ అతని పేరు గుర్తుపెట్టుకోని ప్యాకింగ్ కుర్రాళ్లు "అన్నా, అన్నా" అంటూ తలుపులు తీశారు. రవిచంద్రన్ కంగారుపడలేదు. మనిషి లోపల సంతోషంగా ఉంటే చుట్టూ ఉన్నవాళ్లు తెలియకుండానే దానికి స్పందిస్తారని అతను ఎక్కడో చదివాడు. అదే అయ్యుంటుందని, ఆ సంగతి ఇంత ఆలస్యంగా అనుభవంలోకి వచ్చినందుకు కొంచెం విచారించాడు కూడా.

శుక్రవారం మేనేజరు పకీరిసామి గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"రవీ, ఇన్నేళ్లు కలిసి పన్జేసినాం. ఒక్క మాట సెప్పు. పద్నాలుగు ముందా, ఇరవై ఏడు ముందా?"

రవిచంద్రన్ తలుపు సరిగ్గా పడిందో లేదో వెనక్కి తిరిగి చూశాడు. ఈ సంగతి ఈయనకెలా తెలిసింది? కానీ అడిగిన ప్రశ్నకు తప్పు జవాబు చెప్పడం అతని వల్ల కాదు. "పద్నాలుగు ముందు సార్. దాని లోపలికెల్తే ఇరవై ఏడు. మీకెవులు సెప్పినారు?"

పకీరిసామి కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు మంచోడివి రవీ. ఇంకోడైతే తిప్పి సెప్పును."

"సార్, నేను మా ఆవిడికి ఆకులు సూపించడానికి ఎల్తన్నాను. అంతే."

"అంతే, అంతే. ఆకులే. నేనడిగినానా?" అని పకీరిసామి అతని భుజం తట్టి, తనే లేచి తలుపు తీశాడు.

ఆ రాత్రి రవిచంద్రన్ పక్క మీద వెల్లకిలా పడుకుని సంగతి ఎక్కడ కారిందా అని వెతికాడు. ఎంత వెతికినా చిల్లు దొరకలేదు. పక్కన రత్నావతి, "బూట్లు ఎందుకు బయటికి తియ్యమన్నారు?" అని అడిగింది. "రేపు కొంచెం నడవాలి" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండునని అతను చాలాసేపు మేలుకుని ఉన్నాడు.

శనివారం సరిగ్గా ఏడింటికి ఒక చేత్తో రెండు స్టూళ్లు, ఇంకో చేత్తో ఫ్లాస్కు పట్టుకుని రవిచంద్రన్ గేటు తీశాడు. వీధిలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా బళ్లు. కార్లు ఏడు, మణియం ఏసీ వ్యాను ఒకటి, మోటారు సైకిలు ఒకటి. అన్నిటి నిండా జనం. వ్యాను ముందు సీట్లో దేవుడమ్మ, ఒళ్లో నిమ్మకాయల బుట్ట, పసుపు గుడ్డ, కొబ్బరికాయలు. కారులోంచి పకీరిసామి సిగ్గుపడుతూ చెయ్యి ఊపాడు.

"మణియం, ఇదేట్రా?" అన్నాడు రవిచంద్రన్.

"తిట్టకండి బావా. నానెవులికీ సెప్పనేదు. అందరూ అదే కొంతంటే 1427 నిన్న సాయంత్రానికే మూసీసినారు. క్లాంగ్‌లో ఏ నంబరు కొట్లోనూ ఇంక అమ్మడం నేదు. సగం మందికి దొరకనేదు, పాపం. మీరు ఆ మానుని ఇంకొక్క నంబరు అడిగి పెట్టండి. మీ మాటైతే ఇంటాది లా."

"ఏ మాను?"

"మీ మానే."

రవిచంద్రన్‌కు మూడు రోజుల సంగతులూ, రెండో చేపతో సహా, ఒక్కసారిగా అర్థమయ్యాయి. అక్కడే నిజం చెప్పేయవచ్చు. కానీ వెనకే రత్నావతి బూట్ల తాళ్లు కట్టుకుంటూ వస్తోంది. నాలుగు నెలలు గుండెలో పెట్టుకున్న మాటను ముప్పై ఒక్క మంది ముందు, అదీ నంబరు ఆశతో నోళ్లు తెరుచుకున్న వాళ్ల ముందు, గేటు దగ్గర విప్పడం అతని వల్ల కాలేదు. నోరు మూసుకుని కారెక్కాడు.

"ఏటండి, ఎవులిదైనా పెల్లేటి?" అంది రత్నావతి, సీటుబెల్టు పెట్టుకుంటూ.

"కాదు."

"మరి ఈలంతా మనతోటేనా?"

"కాదు."

"ఆ సంగతి ఈలకి తెలుసా?"

బయట మణియం ఒక్కొక్క బండి కిటికీలోకి తల దూర్చి ఆదేశాలిస్తున్నాడు. "అందరూ బావ కారు 5306 ఎనకే. 5306 ఆగితే ఆగండి, తిరిగితే తిరగండి. మజ్జిలో ఎవుల్నీ దూరనియ్యకండి. దారి తప్పితే పోను సెయ్యొద్దు, 5306 ఎక్కడున్నాదో సూడండి!"

కాపార్ దాటేదాకా అద్దంలో తొమ్మిది బళ్లు ఒక్కదాని వెనక ఒకటి దారానికి గుచ్చినట్టు వచ్చాయి. రవిచంద్రన్ వేగం పెంచితే అవీ పెంచాయి. నీళ్లు కొనడానికి ఆగితే అవీ ఆగాయి, అందరూ దిగి నీళ్లు కొన్నారు, అదే రకం. ఆ పథకంలో హైవే వద్దనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటని అతనికి ఇప్పుడు తోచింది. సన్నటి దారిలో మనిషి ఎవర్నీ తప్పించుకోలేడు.

కువాలా సెలంగోర్ దగ్గర పెద్ద రౌండబౌటు వచ్చింది. అక్కడ ఒక ఉపాయం తట్టింది. చుట్టూ తిరుగుతూ ఉంటే వెనకవాళ్లు చెదిరిపోతారు, అదను చూసి ఏదో ఒక దారిలోకి జారిపోవచ్చు. ఒక చుట్టు తిరిగాడు. తొమ్మిది బళ్లూ తిరిగాయి. రెండో చుట్టు తిరిగాడు. ఈసారి చూస్తే అతని ముందు పకీరిసామి కారు ఉంది. ఎవరు ఎవర్ని తరుముతున్నదీ తెలియడం లేదు. మూడో చుట్టులో వ్యాను కిటికీలోంచి దేవుడమ్మ రెండు చేతులూ జోడించి కనిపించింది. వెనక కార్లలో అందరూ జోడించారు. మోటారు సైకిలు మీదవాడు ఒక్క చేత్తోనే కళ్లకద్దుకుంటున్నాడు.

"ప్రదచ్చిణం సేస్తన్నారండి" అంది రత్నావతి.

రవిచంద్రన్‌కు ఏడుపొచ్చినంత పనైంది. అంతలో పక్కనుంచి ఒక వింత శబ్దం వినబడింది. ఏసీ పాడైందేమో అనుకున్నాడు. రత్నావతి. చీర కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఊగిపోతుంటే, నవ్వు ఆపుకుంటోంది. కొంగు జారిపోయింది, నవ్వు బయటపడింది. రెండేళ్లుగా ఇంట్లో వినని నవ్వు.

"ఇంకొక్క సుట్టు కొట్టండి" అంది, కళ్లు తుడుచుకుంటూ.

కొట్టాడు. నాలుగో చుట్టు వాళ్లను కొంచెం కలవరపెట్టింది. తర్వాత తెలిసిందేమిటంటే, నంబరుకు నాలుగంకెలు కాబట్టి నాలుగు చుట్లని తంగరాజు వ్యానులో వివరించాడట.

ఆ పైన పామాయిల్ తోటల్లోకి దిగాక రవిచంద్రన్ దారి తప్పాడు. ఎటు చూసినా ఒకే చెట్టు, ఒకే నీడ, ఒకే కాలవ. దారి ఒక మురుగు గుంట దగ్గర ఆగిపోయింది. పది బళ్లు గింజుకుంటూ వెనక్కి నడవాల్సి వచ్చింది. దేవుడమ్మ దిగి, నిమ్మకాయల బుట్ట చంకనెట్టుకుని, "ఎనక్కి! ఇంకా ఎనక్కి! ఒరే పకీరీ, నీకు కల్లు నేవేటి?" అని ఫ్యాక్టరీ మేనేజరును నడిపించింది. సైకిలు మీద పోతున్న ఒక మలాయ్ పెద్దాయన ఈ సంబరమంతా చూసి, ఎవరింట్లో విందని అడిగి, ముందు సైకిలు తొక్కుతూ మంచి దారిలో పెట్టి వెళ్లాడు.

మునీశ్వరుడి రాయి దాటి ఎడమకు తిరిగేసరికి రంగు మారిపోయింది.

రవిచంద్రన్ తెలియకుండానే బ్రేకు వేశాడు. ఎదురుగా వరసలు వరసలుగా రాగి రంగు, ఇటుక రంగు, పండు మిరప రంగు. గాలి లేకపోయినా ఆకులు ఒక్కొక్కటే వదులుకుని, తొందర లేకుండా తిరుగుతూ దిగుతున్నాయి. నేల కనబడటం లేదు. అతను పక్కకు తిరిగి రత్నావతి మొహం చూడబోయాడు. సరిగ్గా అప్పుడే తొమ్మిది బళ్ల తలుపులూ దభదభా పడ్డాయి, ముప్పై ఒక్క మంది ఆమెకూ చెట్లకూ మధ్యకు వచ్చేశారు.

"ఏ మాను బావా?" "ఎర్రగా ఉన్నదా, బాగా ఎర్రగా ఉన్నదా?" "కర్పూరం ఎక్కడ లా?" తంగరాజు కొట్లోంచి తెచ్చిన పెద్ద పౌడరు డబ్బా తీసి, మొదట కనబడిన చెట్టు మొద్దుకు పట్టించి, అరచేత్తో రుద్ది, బెరడు మీద అంకెలు తేలతాయేమోనని ముక్కు ఆనించి చూస్తున్నాడు. "ఇది మూడు లాగుంది." "మూడు కాదది, కత్తి గీత." "ఎనిమిదేమో, అడ్డంగా సూడు." పసుపు గుడ్డ ఒక చెట్టుకు కట్టి, తప్పని విప్పి, ఇంకో చెట్టుకు కట్టారు. చెట్టుకు నలుగురు చొప్పున, అందరూ వంగి, బెరడు చదువుతున్నారు. రబ్బరు తోటంతా మంగలి కొట్టు వాసన వేసింది.

రత్నావతి కారు పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. ఇంకో వారంలో ఈ ఆకు ఉండదు. ఇంకో ఏడాదికి తామెలా ఉంటారో తెలియదు. రవిచంద్రన్ ఏం చేస్తున్నాడో అతనికే తెలియకుండా ఒక స్టూలు విప్పి దాని మీదికెక్కాడు.

"నంబరు నేదు!" అని అరిచాడు. అతని గొంతు అంత పెద్దదని అక్కడెవరికీ తెలియదు. "ఏ మానూ నాకు నంబరు ఇవ్వనేదు. పద్నాలుగు బ్లాకు, ఇరవై ఏడు నిర. మాయమ్మ గీసిన నిర. అంతే! అక్టోబరు పదకొండున రత్న అన్నం తింటా, ఎంత బాగుందో అన్నాది. అని పోను బోర్లా పెట్టీసినాది. ఆ మాట అప్పట్నుంచీ నన్ను వదల్నేదు. ఆకులంటే అంత ఇష్టమని తెలిసి, ఆవిడికి సూపిద్దామని తీసుకొచ్చినాను. ఆవిడికొక్కదానికే. అదే నా రగస్యం. మూడ్రోజుల్నుంచీ అదే సెప్తన్నాను, ఒక్కలు నమ్మనేదు!"

ఆకులు రాలుతున్న చప్పుడు వినబడింది.

"అక్టోబరు పదకొండు" అన్నాడు తంగరాజు మెల్లగా, పక్కవాడితో. "ఒకటి ఒకటి, ఒకటి సున్నా. రాసుకో."

దేవుడమ్మ చేతిలోని నిమ్మకాయతో అతని నెత్తి మీద ఒక్కటిచ్చింది. తర్వాత ఆవిడ పసుపు గుడ్డ కట్టిన చెట్టు దగ్గరకు వెళ్లి, తన రొమ్ము ఎత్తున బెరడు మీద చెయ్యి పెట్టింది.

"నలబై యేల్లు గీసినాను. తెల్లారగట్ల నొసటికి దీపం కట్టుకోనొచ్చి, ఇదిగో, ఇంత మట్టుకే సూసినాను. కత్తి, గిన్ని, పాలు. ఆకు రాల్తే పాలు తగ్గిపోతాయని ఏడుపు." తల వెనక్కి వాల్చి పైకి చూసింది. చాలాసేపు చూసింది. "పైన ఇలగుంటాదని నాకెవులూ సెప్పనేదు."

ఒకరి తర్వాత ఒకరు అందరూ తలలెత్తారు. పకీరిసామి అలాగే చూస్తూ వెనక్కి నడిచి కాలవలో ఒక కాలు పెట్టాడు. ఎవరో నవ్వారు. మోటారు సైకిలు కుర్రాడు పిడికెడు ఆకులు తీసి మణియం మెడలో పోశాడు. తర్వాత చాపలు దిగాయి, ఎవరి డబ్బాల్లోంచో పులిహోర, ఎవరివో నాసి లెమాక్ కొబ్బరన్నం పొట్లాలు బయటికొచ్చాయి. ఇద్దరి కోసం తెచ్చిన ఫ్లాస్కు టీ ముప్పై ముగ్గురికి మూతల్లో పోసుకుంటే తలా ఒక గుక్క వచ్చింది. మునీశ్వరుడికి కొట్టిన కొబ్బరికాయలు కూడా అక్కడే అయిపోయాయి.

దేవుడమ్మ జనాన్ని అవతలికి తోలేసి, రెండు స్టూళ్లు ఒక చెట్టు కింద వేయించి, "కూకోండి" అంది. మొగుడూ పెళ్లాలు కూర్చున్నారు. రవిచంద్రన్ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, తనిఖీకి వచ్చిన వస్తువులా ఎదురుచూశాడు.

"నాను బాగుందన్నది ఆకుల్ని కాదండి" అంది రత్నావతి.

"మరి?"

"ఉషా ఫోటోల్లో ఒకదాన్లో ఆల ఆయన నీడ పడ్డాది. నేల మీద వంగోని తీస్తన్నాడు. అరవై ఫోటోలండి. అన్నిట్లోనూ ఆవిడే, నవ్వుతానే ఉన్నాది. అలగ వంగోని తీసే మనిసి ఉండడం బాగుందన్నాను."

రవిచంద్రన్ నాలుగు నెలల ఆలోచన కూలిపోవడం చూశాడు. "మరి పోను బోర్లా ఎందుకు పెట్టీసినావు?"

"పెరుగు పడతాదని."

అతను జేబులోంచి ఫోను తీశాడు. రత్నావతి పక్కనుంచి చూస్తుండగా ఫోటోలు వెనక్కి జరిపాడు. చిల్లుపడ్డ గ్లవ్సు, చిల్లుపడ్డ గ్లవ్సు, బొటనవేలి దగ్గర కారుతున్న గ్లవ్సు. రెండు వేల పైచిలుకు ఉన్నాయి. రత్నావతిది ఒక్కటీ లేదు. ఆమెకు మళ్లీ నవ్వొచ్చింది. అతను ఫోను అద్దాన్ని చొక్కాకు తుడుచుకున్నాడు.

లేచి నాలుగు అడుగులు వెనక్కి వేసి ఫోను ఎత్తాడు.

"వంగండి" అంది రత్నావతి. "అలగ నిలువుగా నిలబడి కాదు. ఇంకా వంగండి లా."

యాభై నాలుగేళ్ల రవిచంద్రన్ ఒక మోకాలు ఆకుల్లో ఆనించి వంగాడు. నడుము పట్టేసింది. అయినా అరవై ఒక్క ఫోటోలు తీశాడు. ఉషా భర్తకన్నా ఒకటి ఎక్కువ. చివరి పదిహేనింట్లో వెనక వరసలో నిలబడి పళ్లన్నీ బయటపెట్టిన మణియం కూడా పడ్డాడు. ఆ తర్వాత ముప్పై ఒక్క మందీ తమకూ తియ్యమని వరస కట్టారు. దారి పొడుగునా, ఇంటికి చేరాక, వంట చేస్తూ కూడా రత్నావతి మాట్లాడుతూనే ఉంది. రౌండబౌటు సంగతి మూడుసార్లు చెప్పింది, అతను పక్కనే ఉన్నాడన్న ధ్యాస లేనట్టు. అతను మూడుసార్లూ విన్నాడు.

సాయంత్రం ఏడున్నరకు, లాటరీ తీసిన కాసేపటికి, ఫోను మోగింది. మణియం.

"బావా, మీ కారు నంబరెంత?"

"నన్నడుగుతావేటి, పొద్దున్నుంచీ నువ్వే కదా వీధులు పట్టుకోని అరిసినావు."

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది, ఫోను పెట్టేసిన చప్పుడయింది. రవిచంద్రన్ కాసేపు ఆలోచించి, టార్చి పట్టుకుని గేటు దగ్గరకు వెళ్లాడు. కారు వెనక బంపరు మీద ఒక ఎర్రాకు అతుక్కుని ఉంది. దాన్ని తీసి జేబులో పెట్టుకుని, నంబరు ప్లేటు మీది దుమ్మును వేలితో తుడిచాడు.

మూడు గంటలసేపు ముప్పై ఒక్క మంది కళ్లార్పకుండా చూస్తూ వచ్చిన నంబరును ఒక్కరూ కొనలేదు.